కానాగంతలు: బుట్ట దగ్గర బేరం నుంచి పులుసు దించేదాకా

"పులుసులో వేయగానే ముక్క విడిపోతోంది." "ఎన్నిసార్లు కడిగినా నీచు వాసన పోవట్లేదు." "వేపుడు చేస్తే తోలంతా పెనానికే అంటుకుంటోంది." కానాగంతల గురించి నన్ను అడిగేవాళ్లు ఈ మూడే తిప్పి తిప్పి అడుగుతారు, ఆ వెంటనే మసాలా కొలతలు చెప్పమంటారు. మసాలా వల్ల వచ్చిన తంటా కాదండీ అది. చాలాసార్లు చేప వలలోంచి బయటపడ్డాక మీ పొయ్యి ఎక్కేలోపు ఎక్కడో చల్లదనం తప్పి ఉంటుంది, లేదంటే శుభ్రం చేయడంలోనో వండడంలోనో తేడా వచ్చి ఉంటుంది. అందుకే కింద రాసినదాంట్లో చాలాభాగం ఐసు గురించే ఉంటుంది, విసుక్కోకుండా చదవండి.

పేరు సంగతి ఒకమాట. నెల్లూరు, ఒంగోలు వైపు కానాగంతలు అంటే ఇస్తారు, కొందరు కనగర్తలు అంటారు. హోటల్ మెనూలో బంగడా అని ఉంటుంది, కేరళ వాళ్లు అయిల అంటారు. అన్నీ ఇదే చేప.

1. సీజన్‌ని కేలండర్‌లో కాదు, బుట్టల్లో చూడండి

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లకూ మోటారు పడవలకూ వేట నిషేధం. ఆ రోజుల్లో మార్కెట్లో కానాగంతలు కుప్పలుగా కనిపిస్తే అవి పొద్దున మన ఒడ్డున దిగినవి అయ్యే అవకాశం తక్కువ. ముందే గడ్డకట్టించి దాచినవో, పడమటి తీరం నుంచి ఐసు పెట్టెల్లో వచ్చినవో అయ్యుంటాయి (అక్కడి నిషేధం జూన్ 1న మొదలై జూలై 31 దాకా ఉంటుంది). అవి కొనకూడదని కాదు, బాగుంటే వేపుడుకు పనికొస్తాయి. పులుసుకు మాత్రం నేను కొనను.

ఇది గుంపుగా తిరిగే చేప. వలకు గుంపు తగిలితే ఒక్కసారే పడుతుంది, లేదంటే నాలుగు రోజులు ఒక్కటీ కనిపించదు. ఏ బుట్ట చూసినా ఒకే సైజు కానాగంతలు ఉండి, అమ్మేవాళ్లు మీరు అడక్కముందే ధర తగ్గించి పిలుస్తున్నారంటే అదే మీ రోజు. వంజరం కొందామని వెళ్లినా సరే, ఆరోజు వీటిని తెచ్చుకోండి.

ఇంకో లెక్క కూడా ఉంది. పుల్లమామిడి చెట్టుకు కనిపించడం మొదలయ్యేది నిషేధానికి కొన్ని వారాల ముందే. మామిడికాయ వేసిన కానాగంతల పులుసు కావాలంటే ఆ కాస్త వ్యవధిలోనే కొట్టాలి, ఆలస్యం చేస్తే మామిడికాయ ఉంటుంది గానీ చేప ఉండదు.

2. ముందురోజు రాత్రి చేయాల్సినవి

చేప తెచ్చాక వీటికోసం వెతుక్కుంటూ కూర్చుంటే చేప వెచ్చబడిపోతుంది. రాత్రే చూసుకోండి.

– థర్మోకోల్ పెట్టె, అది లేకపోతే మూత గట్టిగా పడే పాత కూల్ బాక్స్
– కిలో చేపకు కిలో ఐసు. ఇంటి ఫ్రిజ్ ట్రేలో అంత ఐసు కాదు గనక లీటరు సీసాలు రెండింటిలో నీళ్లు పోసి గడ్డకట్టించండి
– ఇంకో గిన్నెడు ఐసు ముక్కలు, శుభ్రం చేసే నీళ్లలోకి
– పదునైన చిన్న కత్తి, కత్తెర. కత్తిపీట అలవాటున్న వాళ్లకు అదే చాలు
– తుడవడానికి పాత నూలుగుడ్డ
– పులుసైతే చింతపండు, మెంతిపొడి (కొలతలు కింద ఉన్నాయి)

ఎంత కొనాలి అంటే, జానెడు పొడవుండే మంచి సైజు కానాగంతలు కిలోకు ఏడెనిమిది తూగుతాయి. తల, పేగులు తీసేస్తే చేతికొచ్చేది ఆరువందల గ్రాములకు కాస్త అటూఇటూ. నలుగురికి పులుసైతే కిలో సరిపోతుంది, వేపుడు కూడా కావాలంటే కిలోన్నర. కిలోకు పదిహేను తూగే చిన్నవి చవగ్గా ఇస్తారు కానీ శుభ్రం చేయడానికే గంట పడుతుంది. అంత ఓపికుంటే సరే.

3. ఎక్కడ, ఏ వేళకు

ఒడ్డుకు వెళ్లగలిగితే ఒడ్డుకే. నెల్లూరు వాళ్లకు మైపాడు దగ్గర, కావలి వాళ్లకు తుమ్మలపెంట, ఒంగోలు వాళ్లకు కొత్తపట్నం. ఫైబర్ పడవలు ఎక్కువగా పొద్దున్నే వస్తాయి, కాబట్టి తెల్లవారేసరికి ఇసుకలో ఉండండి. పడవ చుట్టూ పాట (వేలం) జరుగుతుంటే మధ్యలో దూరి కిలో ఇమ్మని అడక్కండి, అక్కడ తట్టల లెక్క, మనల్ని ఎవరూ పట్టించుకోరు. పాటలో తట్ట పాడుకున్న ఆడవాళ్లు పక్కకొచ్చి విడిగా అమ్ముతారు. వాళ్ల దగ్గర కొనండి.

టౌన్ మార్కెట్లో అయితే పొద్దున్నే, ఐసు గుట్ట మీద పెట్టి అమ్మేవాళ్ల దగ్గర మాత్రమే. రేకు పళ్లెంలో ఎండలో పరిచి, మధ్యమధ్య నీళ్లు చల్లుతున్న చోట ఆగకండి. ఆ నీళ్లు మెరుపు కోసమేగానీ చల్లదనానికి కాదు.

4. బుట్ట దగ్గర చూడాల్సినవి

ముందు అది కానాగంతేనా చూసుకోండి. వీపు మీద, తోకకు దగ్గరగా, చిన్న చిన్న తునకల్లాంటి రెక్కలు వరసగా ఉంటాయి. పక్కరెక్క కింద ఒక నల్లమచ్చ ఉంటుంది. వీపు నీలం పచ్చ కలిసిన రంగు, దానికింద సన్నగా బంగారు గీతలు. తోక దగ్గర పక్కన వేలితో రాస్తే రంపంలా గరుకుగా తగిలితే అది పార జాతి చేప, కానాగంత కాదు. వీపంతా మెలికల గీతలున్నవి వేరే సముద్రాల నుంచి గడ్డకట్టి వచ్చే రకం, రుచి వేరు, కొవ్వు వేరు, ఈ కొలతలు వాటికి కుదరవు.

ఇక తాజాదనం. ఈ వరసలోనే చూడండి.

తల దగ్గర పట్టుకుని చేపను అడ్డంగా ఎత్తండి. తోక కట్టెలా నిలబడితే దిగి కొన్ని గంటలే అయింది. వేలాడిందంటే అంతమాత్రాన పాడైనట్టు కాదు, మిగతావి ఇంకా జాగ్రత్తగా చూడాలని.

తర్వాత పొట్ట. కానాగంతలో ముందు చెడేది ఇదే. కడుపునిండా తిని ఉన్నప్పుడు పడిన చేపకు లోపలి రసాలే పొట్టగోడను తినేస్తాయి, అందుకే పైకి మెరుస్తూ ఉన్నా పొట్ట పగిలిపోయి ఉంటుంది. బొటనవేలితో నొక్కండి. గుంట పడి వెంటనే పైకి రావాలి. మెత్తగా జారినా, కింది రంధ్రం (మలద్వారం) దగ్గర గోధుమరంగు నీరు కారుతున్నా వదిలేయండి.

మొప్ప ఎత్తితే ఎర్రగా, తడిగా, జిగురు తక్కువగా ఉండాలి. ఇటుకరంగుకు తిరిగితే పాతబడింది. కన్ను ఉబ్బి, నల్లగుడ్డు స్పష్టంగా ఉండాలి. ఐసు తగిలి కన్ను కాస్త మసకబారడం మామూలే కాబట్టి ఒక్క కన్ను చూసి తీర్పు చెప్పకండి. ఆఖరున వాసన: సముద్రపు వాసన ఉండొచ్చు, ముక్కుకు గుచ్చే పుల్లటి ఘాటు ఉండకూడదు.

అడగడానికి మొహమాటపడకండి. "ఇవి నిన్నటివా అక్కా?" అని నేరుగా అడిగితే, రోజూ కొనేవాళ్లకైతే నిజమే చెబుతారు. "పైవి ఇప్పుడు దిగినయ్యి నాయనా, అడుగున్నవి నిన్నటివి, నువ్వు పైవి తీసుకో" అని చెప్పిన ఆమె దగ్గరే నేను ఇప్పటికీ కొంటాను. ఏరుకోనివ్వకుండా గుప్పిట్లో తీసి తూచేవాళ్ల దగ్గర ధర ఎంత తక్కువైనా వద్దు.

5. ఇంటికి తెచ్చే దారి

నా తప్పొకటి చెబుతాను. ఓసారి మైపాడులో కిలోన్నర కొన్నాను, మొప్పలు రక్తంలా ఉన్నాయి, ఇంకా వంగని చేపలు. ప్లాస్టిక్ కవర్‌లో వేసి స్కూటర్ డిక్కీలో పెట్టుకుని, దారిలో తెలిసినవాళ్లు కనిపిస్తే టీ తాగి, ఇంకో పని చూసుకుని, ఇంటికి చేరేసరికి రెండున్నర గంటలు. చూడ్డానికి బాగానే ఉన్నాయి. వేయించుకుని తిన్న అరగంటకు మొహం ఎర్రబడి, చెవులు వేడెక్కి, మెడంతా దురద, తలనొప్పి. తినేటప్పుడు నాలుక మీద కారం కాని ఒక చురచుర కూడా తగిలింది, మిరప్పొడి ఎక్కువైందనుకున్నాను. చేప పడలేదేమోనని ఆర్నెల్లు ముట్టలేదు.

అది పడకపోవడం కాదని తర్వాత తెలిసింది. కానాగంత, సూర (ట్యూనా) లాంటి చేపల కండలో హిస్టిడిన్ అనే పదార్థం ఎక్కువ. చేప వెచ్చబడితే సూక్ష్మజీవులు దాన్ని హిస్టమిన్‌గా మారుస్తాయి. ఒకసారి తయారైతే వేయించినా, ఉడికించినా, పులుపు పోసినా, మళ్లీ ఐసులో పెట్టినా పోదు. కంటికి కనపడదు, చాలాసార్లు వాసనకూ తెలియదు. తిన్నాక వచ్చే ఆ ఎర్రదనం, దురద మామూలుగా కొన్ని గంటల్లో తగ్గిపోతాయి, కానీ ఊపిరి ఆడనట్టున్నా, మొహం వాచినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లండి. తినేటప్పుడు ఆ చురచుర తగిలితే అక్కడే ఆపేయండి.

కాబట్టి చేయాల్సింది ఇది:

– పెట్టె అడుగున ఐసు, పైన చేపలు, మళ్లీ ఐసు. చేప పూర్తిగా కప్పుకుపోవాలి
– కరిగిన నీళ్లలో చేప నానకుండా పెట్టె అడుగున చిన్న జాలీ లేదా తిరగేసిన పళ్లెం
– మూత వేశాక దారిలో తెరిచి చూసుకోవద్దు
– చేపల కొట్టు ఆఖరి పని. కూరగాయలు, కిరాణా అన్నీ అయ్యాకే

6. శుభ్రం చేయడం

అమ్మేచోటే కోయించుకోవచ్చు, పొట్ట తీసేస్తే చెడేది కూడా కాస్త నెమ్మదిస్తుంది. కానీ అక్కడ కడిగే బకెట్ నీళ్లు చూశాక నేను మానేశాను. ఇంట్లో చేసుకుంటే పావుగంట పని.

ఒక బేసిన్‌లో చల్లటి నీళ్లు, గుప్పెడు కల్లుప్పు, ఐసు ముక్కలు వేసి పక్కన పెట్టుకోండి. చేపలన్నీ ఒకేసారి బయట పరచొద్దు, రెండేసి తీయండి, మిగతావి పెట్టెలోనే ఉండనివ్వండి.

కానాగంతకు పొలుసు పల్చగా, చిన్నగా ఉంటుంది. కత్తి వెనకవైపుతో తోక నుంచి తలవైపు రెండుసార్లు గీకితే చాలు, గట్టిగా గీకితే తోలు చిరిగి వేపుడులో ఊడిపోతుంది. రెక్కలు కత్తెరతో తీసేయండి. తోక దగ్గరి తునకలు కూడా.

ఇప్పుడు అసలు పని. కింది రంధ్రం నుంచి మొప్పల దాకా పొట్టను పైపైన చీల్చండి, కత్తి లోతుకు దిగితే పేగు తెగి చేదు అంటుతుంది. మొప్పలను వేళ్లతో పట్టి లాగితే పేగులతో సహా ఒకేసారి వచ్చేస్తాయి. జన (చేపగుడ్ల సంచి) ఉంటే విడిగా తీసి పెట్టుకోండి, పులుసులో చివర వేస్తే భలే ఉంటుంది.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, నీచు వాసనంతా ఇక్కడే మిగిలిపోతుంది. పొట్టలోపలి గోడకు నల్లటి పల్చని పొర ఉంటుంది, దాన్ని గుడ్డతో రుద్ది తీసేయండి. దాని వెనక, వెన్నెముకను అంటుకుని, గడ్డకట్టిన రక్తంలా ముదురు ఎరుపు గీత ఒకటి ఉంటుంది. బొటనవేలి గోరుతోనో చెంచా కొసతోనో తోక వైపు నుంచి గీకుతూ రండి, జిగటగా ఊడొస్తుంది. ఆ గీత పోయి తెల్లటి ఎముక కనపడేదాకా వదలకండి.

ఉప్పునీళ్లలో ముంచి రెండుసార్లు కడిగి, వెంటనే గుడ్డతో తుడిచి ఫ్రిజ్‌లో పెట్టండి. అరగంట నానబెడితే వాసన పోతుందనుకోవడం పొరపాటు, కండ నీళ్లు పీల్చి మెత్తబడుతుంది. ఇంకా వాసన అనిపిస్తే కాస్త నిమ్మరసమో చింతపండు నీళ్లో పసుపుతో కలిపి పట్టించి రెండు నిమిషాల్లో కడిగేయండి.

తలలు పడేయాలా? పులుసుకైతే రెండు మూడు ఉంచుతాను, మొప్పలు పూర్తిగా తీశాకే. వేపుడుకు తల మీ ఇష్టం.

7. పులుసు: వరస తప్పకుండా

కిలో చేపకు (కొన్న బరువు):

– చింతపండు 60 గ్రాములు, మామిడికాయ వేస్తే 30
– ఎర్రగడ్డలు 2, టమాటాలు 2, పచ్చిమిర్చి 5, తెల్లగడ్డ రెబ్బలు 10, కరేపాకు
– మిరప్పొడి 3 చెంచాలు, ధనియాలపొడి 2 చెంచాలు, పసుపు అర చెంచా, ఉప్పు
– నూనె 100 మిల్లీలీటర్లు, శనగనూనె గానీ నువ్వులనూనె గానీ
– పొడికి: మెంతులు అర చెంచా, ఆవాలు ఒక చెంచా, జీలకర్ర ఒక చెంచా. సన్నసెగన విడివిడిగా వేయించి, చల్లారాక దంచండి. మెంతులు నల్లబడితే పారేసి మళ్లీ వేయించండి, ఆ చేదు దేనితోనూ కప్పలేరు

వెడల్పాటి మట్టి దాక మంచిది, లేకపోతే వెడల్పాటి స్టీలు గిన్నె. ఉత్త అల్యూమినియం వద్దు, చింతపండు పులుపు దాన్ని తినేస్తుంది. లోతు గిన్నె కూడా వద్దు, చేపలు ఒకదానిమీద ఒకటి పడి విరుగుతాయి.

మొదట నూనెలో తెల్లగడ్డ, ఎర్రగడ్డ, పచ్చిమిర్చి, కరేపాకు వేసి ఎర్రగడ్డ మెత్తబడేదాకా వేయించండి. టమాటా వేసి గుజ్జయ్యేదాకా మగ్గించండి. పసుపు, మిరప్పొడి, ధనియాలపొడి వేసి అర నిమిషం, అంతకుమించి కాదు, మాడిపోతుంది. చింతపండు రసం, రెండు గ్లాసుల నీళ్లు, ఉప్పు. ఇప్పుడు మూత లేకుండా పదిహేను ఇరవై నిమిషాలు మరగనివ్వండి.

ఈ మరగడమే అందరూ తొందరపడేచోటు. పచ్చి పులుసు వాసన పోయి, నూనె అంచుల్లో ఎర్రగా తేలి, బుడగలు చిన్నవై చిక్కగా చిటపటలాడేదాకా చేపను ముట్టుకోవద్దు. ఇక్కడే రుచి చూసి ఉప్పు, కారం, పులుపు సరిచూసుకోండి. కాస్త ఎక్కువ పుల్లగా అనిపించాలి, చేప పడ్డాక తగ్గుతుంది.

మామిడికాయ ఉంటే టెంకతో సహా ముక్కలు కోసి ఇప్పుడు వేసి ఐదు నిమిషాలు ఉంచండి. తర్వాత చేపలను ఒక వరసగా పరచండి. సైజు చిన్నదైతే మొత్తంగా, పెద్దదైతే రెండుగా. సెగ తగ్గించి ఎనిమిది నిమిషాలు. గరిటె పెట్టొద్దు. దాకను రెండువైపులా గుడ్డతో పట్టుకుని గుండ్రంగా తిప్పితే పులుసే చేప మీదికి ఎక్కుతుంది. దించే రెండు నిమిషాల ముందు జన, దంచిన పొడి, కొత్తిమీర. మట్టి దాకలో వేడి దించాక కూడా ఉంటుంది కాబట్టి ఒక నిమిషం ముందే కట్టేయండి.

ఉడికిందా లేదా అంటే వెన్ను పక్కన చెంచాతో తాకండి, కండ ఎముక నుంచి విడివడుతూ తెల్లగా కనపడితే అయిపోయింది.

వెంటనే తినకండి. మూడు నాలుగు గంటలైనా ఆగాలి. పొద్దున వండి రాత్రి సంగటిలోకి వేసుకుంటే ఇంకేమీ అక్కర్లేదు. మావాళ్లు రాత్రంతా దాకలోనే బయట ఉంచేవాళ్లు. నేను మాత్రం చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టి, తినేముందు కావాల్సినంతే తీసి బాగా మరిగిస్తాను.

8. వేపుడు

చేపకు రెండువైపులా మూడేసి గాట్లు, ఎముక దాకా, కొంచెం ఏటవాలుగా. గుడ్డతో మళ్లీ ఒత్తి తుడవండి, తడి ఉన్నంతసేపూ అంటుకుంటూనే ఉంటుంది.

మిరప్పొడి, పసుపు, ఉప్పు, అల్లం తెల్లగడ్డ ముద్ద, మిరియాలపొడి, ఒక చెంచా బియ్యప్పిండి, అర నిమ్మకాయ రసం. ముద్ద గట్టిగా ఉండాలి, గాట్లలోకి నెట్టి ఫ్రిజ్‌లో అరగంట. రాత్రంతా నిమ్మరసంలో ఉంచితే కండ పిండిపిండిగా అయిపోతుంది, ఇది ఇనుము లాంటి కొరమేను కాదు.

పెనం బాగా వేడెక్కాక నూనె, నూనె వేడెక్కాక చేప. మధ్యసెగన నాలుగైదు నిమిషాలు కదపొద్దు. కింద పెళుసెక్కితే తనంతట తానే వదులుతుంది. అట్లకాడ పెట్టినప్పుడు పట్టుకుందంటే ఇంకా కాలేదని, గీకకుండా ఇంకో నిమిషం ఆగండి. ఒక పెనంలో నాలుగు దాటి వేస్తే వేగదు, ఉడుకుతుంది.

9. తేడా వస్తే

పులుసు పలచగా ఉందా? చేపలను నెమ్మదిగా పళ్లెంలోకి తీసి, పులుసు విడిగా మరిగించి, మళ్లీ వేయండి. చేపతోపాటే మరిగిస్తే ముద్దవుతుంది.

పులుపు ఎక్కువైందా? చిన్న బెల్లం ముక్క, అదీ గోరంత. నీళ్లు పోస్తే కారం, ఉప్పు కూడా చప్పబడి ఇంకో టెన్షన్.

చేదొచ్చిందా? మెంతులు మాడాయి లేదా పేగు తెగింది. దీనికి మందు లేదు.

ముక్కలు విరిగాయా? ఎముకలు ఏరేసి, ఆ కండను ఎర్రగడ్డ, పచ్చిమిర్చితో పొడిపొడిగా వేపండి, అన్నంలోకి బాగుంటుంది.

10. మిగిలిన పచ్చిచేప

వండనివి శుభ్రం చేసి, ఐసులో కప్పి ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటికి వండేయండి. అంతకుమించి ఉంచాలంటే మొదటి రోజే, ఇంకా తాజాగా ఉన్నప్పుడే, గాలి లేకుండా కవర్‌లో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టాలి, రెండురోజులు ఫ్రిజ్‌లో ఊరించి ఇక లాభం లేదని ఫ్రీజర్‌లోకి నెట్టడం కాదు. ఇది నూనె చేప, ఫ్రీజర్‌లో కూడా నెమ్మదిగా ముక్కిన వాసన పడుతుంది. నెలలోపు వాడేయండి. తీసేటప్పుడు రాత్రే కింద అరలోకి మార్చి పొద్దున వండుకోవాలి, కుళాయి కింద పెట్టి కరిగించొద్దు. ఫ్రీజర్‌లోంచి తీసినవి పులుసుకు వేయకండి, వేయించుకోండి, కవర్ మీద తేదీ రాసుకోవడం మర్చిపోకండి.